శనివారం పొద్దుటి సూపర్ హీరో కార్టూన్లు, క్యాసెట్లు, డిస్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఒక అలమర నిండా అమెరికా పాత కార్టూన్లే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తారు. ఒకాయనకి చిన్నప్పుడు చూసిన బర్డ్‌మ్యాన్ మళ్లీ చూడాలని ఉంటుంది. ఇంకొకావిడ పిల్లాడు డాలస్‌లో పాత సామాన్ల సంతలో క్యాసెట్ల డబ్బా కొని, ఏం చెయ్యాలో తెలియక కూర్చుంటాడు. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ ప్రశ్నలు అవే. అందుకని ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## అసలు ఇవేంటో తెలుసుకోవాలంటే

శనివారం పొద్దున ఏంటండీ, మనకి కార్టూన్లంటే ఆదివారం కదా!

మనకి ఆదివారమే. శనివారం బడి ఉండేది, మహా అయితే ఒంటిపూట. అమెరికాలో శనివారం కూడా సెలవు. ఆ పొద్దుటి పూట పెద్దవాళ్లు టీవీ ముందుకి పెద్దగా రారు, కాబట్టి ప్రకటనల ధర చవక. ఆ చవక గంటల్ని 1960ల్లో అక్కడి మూడు పెద్ద నెట్‌వర్కులు సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ పిల్లలకి వదిలేశాయి. బొమ్మల కంపెనీలు, పంచదార పూసిన సీరియల్ కంపెనీలు వచ్చి వాలాయి. సీరియల్ అంటే మన టీవీ సీరియల్ కాదు, పాలల్లో వేసుకుని తినేది.

సూపర్ హీరోల ఊపు మాత్రం 1966లో మొదలైంది. ఆ జనవరిలో మనుషులు నటించిన బ్యాట్‌మ్యాన్ ధారావాహిక ఏబీసీలో రాత్రివేళ మొదలై పెద్ద హిట్టయింది. సెప్టెంబరుకల్లా సీబీఎస్ శనివారంలోకి సూపర్‌మ్యాన్, స్పేస్ గోస్ట్ దిగిపోయారు. అక్కడ పగటి కార్యక్రమాలు చూసే ఫ్రెడ్ సిల్వర్‌మన్ అనే కుర్ర అధికారి వేసిన లెక్క అది. మరుసటి ఏడు మిగతా ఇద్దరూ అదే దారి పట్టారు. ఏబీసీలో స్పైడర్‌మ్యాన్, ఫెంటాస్టిక్ ఫోర్, ఎన్‌బీసీలో బర్డ్‌మ్యాన్ వచ్చాయి.

మేం దూరదర్శన్‌లో, కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసినవి ఇవేనా?

కొన్ని ఇవే. దూరదర్శన్‌లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 1967 నాటిది. అంటే మనం ఇరవై ఏళ్ల పాతదాన్ని సరికొత్తదనుకుని చూశాం. హీమ్యాన్ కూడా దూరదర్శన్‌లో వచ్చింది కానీ, అమెరికాలో అది శనివారానిది కాదు. 1983 నుంచి వారపు రోజుల్లో, పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చే వేళ వేసేవాళ్లు.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలోకి వచ్చాక హన్నా-బార్బెరా అనే కార్టూన్ల కంపెనీ వాళ్ల పాత గోదాము మొత్తం మన ముందు తెరుచుకుంది. స్పేస్ గోస్ట్, బర్డ్‌మ్యాన్, హెర్క్యులాయిడ్స్ అలా పరిచయమైనవే. రాత్రయ్యేసరికి అదే ఛానెల్ ఇంగ్లిష్ పాత సినిమాల ఛానెల్‌గా మారిపోయేది. ఆ మారే క్షణం ఎంత కడుపుమంటగా ఉండేదో ఆ ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు.

బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్ శనివారందా, కాదా?

సగం సగం. మొదటి ఎపిసోడ్ ప్రసారమైన 1992 సెప్టెంబర్ 5 శనివారమే. ఆ తర్వాత ఫాక్స్ నెట్‌వర్క్ పిల్లల విభాగం ఫాక్స్ కిడ్స్ దాన్ని ఎక్కువగా వారపు రోజుల సాయంత్రాల్లో వేసింది. ఎక్స్-మెన్ మాత్రం అచ్చంగా శనివారపు బిడ్డ. అదే ఏడు అక్టోబర్ 31న మొదలైంది. డిస్కులు సేకరించేవాళ్లు ఈ తేడా పెద్దగా పట్టించుకోరు, రెండూ ఒకే అరలో పెట్టుకుంటారు.

స్వాట్ క్యాట్స్‌ని సూపర్ హీరోల లెక్కలో వేసుకోవచ్చా?

వేసుకోండి, ఎవరడుగుతారు! ముసుగు వేసుకుని ఊరిని కాపాడే ఎవరైనా నా లెక్కలో సూపర్ హీరోనే, పిల్లి అయినా సరే. 1993లో వచ్చింది, రెండు సీజన్లకే ఆగిపోయింది. అమెరికావాళ్లు సగం మర్చిపోయారు, మనవాళ్లు మర్చిపోలేదు. అధికారిక డీవీడీ వార్నర్ ఆర్కైవ్ పేరుతో వచ్చింది.

సూపర్ ఫ్రెండ్స్‌లో ఎవరూ ఎవర్నీ కొట్టరేంటి? సూపర్‌మ్యాన్ మీటింగులు పెట్టుకుంటూ ఉంటాడు!

దాని వెనక పెద్ద కథే ఉంది. 1966, 67ల్లో శనివారమంతా గుద్దులూ పేలుళ్లే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ రెండు నెలల తేడాతో హత్యకు గురయ్యారు. టీవీలో హింస మీద దేశమంతా చర్చ మొదలైంది. అదే ఏడు పెగ్గీ చారెన్ అనే ఆవిడ, ఇంకొందరు తల్లులు కలిసి బోస్టన్ దగ్గర పిల్లల టీవీ బాగుకోసం ఒక సంఘం పెట్టారు. నెట్‌వర్కులకి టెన్షన్ పట్టుకుంది. ఒకటి రెండేళ్లలో సూపర్ హీరోలు దాదాపు ఖాళీ అయిపోయారు. 1969లో ఆ జాగాలోకి వచ్చిన స్కూబీ డూలో దయ్యాలన్నీ దొంగ దయ్యాలే, ఎవరికీ దెబ్బ తగలదు.

1973లో సూపర్ ఫ్రెండ్స్‌తో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ ఉమన్ మళ్లీ వచ్చినప్పుడు షరతు అదే: గుద్దుకోవడాలు ఉండవు. మొదటి సీజన్‌లో విలన్లు కూడా నిజంగా చెడ్డవాళ్లు కారు. ఏదో మంచి చెయ్యబోయి దారి తప్పిన శాస్త్రవేత్తలు, అంతే. వెండీ, మార్విన్ అని ఇద్దరు పిల్లలు, ఒక కుక్క పక్కన ఉంటారు. 1978లో వచ్చిన ‘ఛాలెంజ్ ఆఫ్ ది సూపర్ ఫ్రెండ్స్’తో గానీ అసలు విలన్లు రాలేదు. సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ నాయకత్వంలో 13 మంది, చిత్తడినేలలో మునిగి తేలే నల్ల గుమ్మటం వాళ్ల స్థావరం. అందరికీ గుర్తుండేది ఆ 16 ఎపిసోడ్లే. ఈ వరసలో చివరి ఏడాది 1985. బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రుల హత్య కామిక్ పుస్తకాల బయట తెరమీద మొదటిసారి కనిపించింది ఆ ఏడాది ఎపిసోడ్‌లోనే. పదమూడేళ్లు మీటింగులు పెట్టుకున్న సిరీస్, పోతూ పోతూ ఆ పని చేసింది.

ఈ భయం 1990ల్లోనూ పోలేదు. 1994 స్పైడర్‌మ్యాన్‌లో మోర్బియస్ అనే రక్తపిశాచి రక్తం అనే మాటే అనడు, ‘ప్లాస్మా’ అంటాడు. అది కూడా కోరలతో కాదు, అరచేతుల్లోని రంధ్రాలతో పీలుస్తాడు. ముద్దుగా ఉంటుంది చూడ్డానికి.

ఫెంటాస్టిక్ ఫోర్‌లో నిప్పు మనిషి బదులు రోబో ఎందుకు పెట్టారు? పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటారనేనా?

కాదు. ఈ కథ ఎన్ని దేశాలు తిరిగిందో! 1978 సిరీస్ తీసే సమయానికి హ్యూమన్ టార్చ్ అనే ఆ నిప్పు మనిషి పాత్ర హక్కులు విడిగా వేరే ఒప్పందంలో ఉండిపోయాయి. అందుకని హెర్బీ అనే చిన్న రోబోని పెట్టారు. కారణం కాగితాల్లో ఉంది, నిప్పులో లేదు. 1967 సిరీస్‌లో అదే నిప్పు మనిషి హాయిగా మండుతూ ఎగిరాడు మరి.

పాత స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు మీద సాలెగూడు గీతలు సగమే ఉంటాయేం?

డబ్బుల్లేక. ఒక్కో ఫ్రేములో ఒంటినిండా గీతలు గియ్యాలంటే చేతులు పడిపోతాయి. అందుకని ముసుగు, చేతి తొడుగులు, బూట్లు, నడుము పట్టీ లాంటి చోట్ల గీసి మిగతా ఒళ్లు వదిలేశారు. ఊగే దృశ్యం ఒకటే గీసి పదిసార్లు వాడారు. మొదటి సీజన్ తీసిన సంస్థ మూతపడ్డాక రాల్ఫ్ బాక్షీ అనే దర్శకుడి చేతికి వచ్చింది. ఆయన బడ్జెట్టు ఇంకా తక్కువ. ‘రాకెట్ రాబిన్ హుడ్’ అనే వేరే కార్టూన్‌లోని దృశ్యాలు తెచ్చి ఇందులో అతికించారు. ఆ ఆకుపచ్చ, ఊదా ఆకాశాలు, వింత సంగీతం మాత్రం ఇప్పటికీ ఒకలాంటి కల లాగే ఉంటాయి. స్పైడర్‌మ్యాన్ ఎలా పుట్టాడో చెప్పే కథ రెండో సీజన్‌లో గానీ రాలేదని చాలామంది గమనించరు. ఇద్దరు స్పైడర్‌మ్యాన్లు ఒకరినొకరు వేలెత్తి చూపుకునే మీమ్ ఉంది చూడండి, అది మొదటి సీజన్‌లోదే.

మరి ఇప్పుడు అమెరికాలో శనివారం కార్టూన్లు లేవా?

ఆ పద్ధతి పోయింది. 1990 చట్టం పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకి హద్దు పెట్టింది. వారాంతంలో గంటకి పదిన్నర నిమిషాలే. 1996 నిబంధనలతో వారానికి మూడు గంటలు చదువుకి పనికొచ్చే కార్యక్రమాలు తప్పనిసరి అయ్యాయి. ఈలోగా రోజంతా కార్టూన్లు వేసే కేబుల్ ఛానెళ్లు వచ్చాక శనివారం దాకా ఆగాల్సిన పనేముంది? ఎన్‌బీసీ 1992లోనే కార్టూన్లు మానేసింది. సీడబ్ల్యూ నెట్‌వర్క్ చివరిగా 2014 సెప్టెంబర్ 27న ముగించింది.

## వెతికేటప్పుడు, కొనేటప్పుడు

ఒక్క సెట్టే కొంటాను. ఏది కొనమంటారు?

2018లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్ బ్లూరే పెట్టె. 85 కథలూ అందులో ఉన్నాయి, పైగా రెండు సినిమాలు. వెనకాల దృశ్యాల్ని నల్ల కాగితం మీద గీశారు, అందుకే ఆ ఊరు ఎప్పుడూ రాత్రిలోంచి బయటికొస్తున్నట్టు ఉంటుంది. బ్యాట్‌మ్యాన్‌కి కెవిన్ కాన్రాయ్ గొంతు, జోకర్‌కి మార్క్ హామిల్ నవ్వు. ఆయన నవ్వు వింటూ వంట చేసుకునేవాళ్లు నాకు తెలుసు. జోకర్ తోడు హార్లీ క్విన్ పుట్టిందీ ఇందులోనే, కామిక్‌లో కాదు.

పాతకాలపు రుచే కావాలనుకుంటే ‘ఛాలెంజ్ ఆఫ్ ది సూపర్ ఫ్రెండ్స్’ డీవీడీ. 2004లో వచ్చింది, పాత సరుకులో దొరుకుతుంది. బొమ్మ నాణ్యత చూసి తిట్టుకోకండి, అది గీసిందే అలా.

అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా, డిస్కులెందుకు దండగ?

ఉన్నాయి, రేపు లేకపోవచ్చు. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే ఆన్‌లైన్ సర్వీసు ఒక్కసారిగా బోలెడు కార్టూన్లు తీసేసింది. డబ్బు కట్టి చూస్తున్నవాళ్లు పొద్దున లేచేసరికి లేవు. డిస్క్ అలా లేచిపోదు. అయితే అందరికీ డిస్కులు అవసరం అని నేననను. ఒకసారి చూసి వదిలేసేవాళ్లకి ఆన్‌లైనే సుఖం. అలమర నింపుకోవడం ఒక జబ్బు, నాకుంది కాబట్టి చెబుతున్నా.

నేను వెతికే సిరీస్ డీవీడీ ఎక్కడా లేదు. మీకెక్కడైనా తెలుసా?

కొన్ని అసలు రానే లేదు. పాత్ర ఒకరిది, కార్టూన్ తీసింది ఇంకొకరు, పంపిణీ మూడోవాళ్లది అయితే సంతకాలు కలవడం కష్టం. 1967 ఫెంటాస్టిక్ ఫోర్ అలాంటిదే: పాత్రలు మార్వెల్‌వి, తీసింది హన్నా-బార్బెరా. 1981 నాటి ‘స్పైడర్‌మ్యాన్ అండ్ హిజ్ అమేజింగ్ ఫ్రెండ్స్’ కూడా అమెరికాలో పూర్తి సెట్టుగా రాలేదు. బ్రిటన్‌లో క్లియర్ విజన్ అనే సంస్థ మార్వెల్ కార్టూన్లు చాలా డీవీడీలుగా తెచ్చింది, అటువైపు వెతకండి. 1967 స్పైడర్‌మ్యాన్ మాత్రం అమెరికాలోనే 2004లో ఆరు డిస్కుల పెట్టెగా వచ్చింది, మొత్తం 52 ఎపిసోడ్లు. ఇప్పుడు అచ్చులో లేదు, పాత సరుకులోనే పట్టుకోవాలి. ఎక్స్-మెన్ 2009 నుంచి అయిదు వాల్యూములుగా వచ్చింది. అయిదూ ఒకేసారి అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కోండి. నేను విడివిడిగా కొనడం మొదలుపెట్టి, చివరిది దొరకడానికి రెండేళ్లు తిరిగాను.

డిస్క్ అడుగుభాగం ఊదా రంగులో ఉంది. నకిలీది అంటగట్టారా?

రంగు చూసి తీర్పు చెప్పకండి. ఊదా రంగు ఉంటే అది అచ్చు గుద్దిన డిస్క్ కాదు, రాసిన డిస్క్ అని అర్థం. అయితే 2009లో మొదలైన వార్నర్ ఆర్కైవ్ అధికారికంగానే అలాంటి డిస్కులు అమ్మింది. ఆర్డరు వచ్చినప్పుడు ఒక్కొక్కటి రాసి పంపేవాళ్లు. తక్కువమంది కొనే పాత కార్టూన్లు బయటికి రావడానికి అదొక్కటే దారి. హెర్క్యులాయిడ్స్ అలాగే వచ్చింది.

నకిలీని వేరే గుర్తులతో పట్టుకోవాలి. అట్ట మీద అక్షరాలు మసకగా ఉండటం, 60 ఎపిసోడ్లు రెండే డిస్కుల్లో కుక్కడం, బొమ్మ మూలన ఏదో టీవీ ఛానెల్ ముద్ర కనబడటం. చివరిది కనిపిస్తే ఇంక అనుమానమే అక్కర్లేదు. రాసిన డిస్కులకి ఎండ తగలనివ్వకండి, లోపలి రంగు పొర పాడవుతుంది.

రోడ్డు పక్కన చాలా చవగ్గా ‘సూపర్‌మ్యాన్ కార్టూన్లు’ అని డీవీడీ ఉంది. కొనొచ్చా?

అది దాదాపు ఖాయంగా 1941-43 మధ్య ఫ్లైషర్ స్టూడియో మొదలుపెట్టిన సూపర్‌మ్యాన్ చిత్రాల డిస్క్. అవి శనివారం టీవీ కోసం కాదు, సినిమా హాల్లో వెయ్యడానికి తీసినవి. మొత్తం 17. కాపీరైట్ గడువు పొడిగించకపోవడంతో ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అందుకే ఇన్ని రకాల చవక డిస్కులు. చట్టవిరుద్ధం కాదు గానీ కాపీకి కాపీ తీసీ తీసీ బురదలా ఉంటాయి. నిజంగా గొప్ప పనితనం ఉన్న బొమ్మలు అవి, బురదలో చూడకండి. 2023లో వార్నర్ బ్లూరే తెచ్చింది, కాస్త ఆగి అది కొనుక్కోండి.

తెలుగు ఆడియో ఉన్న డిస్కులు దొరుకుతాయా?

నా చేతికి ఒక్కటీ రాలేదు. ఇంగ్లిష్, మహా అయితే స్పానిష్, ఫ్రెంచ్. మన టీవీ ఛానెళ్ల తెలుగు డబ్బింగ్ ఛానెల్ కోసం చేయించుకున్నది, డిస్కులకి ఎక్కలేదు. అప్పట్లో మీ ఇంట్లో ఎవరైనా రికార్డు చేసి ఉంటే, ఆ క్యాసెట్ పారెయ్యొద్దు!

అమెరికా డిస్క్ మన ప్లేయర్లో ఆడుతుందా?

డీవీడీకి ప్రాంతాల అంకెలుంటాయి. అమెరికాది 1, బ్రిటన్‌ది 2, మనది 5. మన దగ్గర అమ్మిన చాలా ప్లేయర్లు ఏ అంకె డిస్క్ అయినా ఆడిస్తాయి, కొన్నిటికి రిమోట్‌లో ఒక మీట వరస నొక్కాలి. బ్లూరేకి అంకెలు కాదు, అక్షరాలు: అమెరికా ఏ, బ్రిటన్ బీ, మనది సీ. ఇక్కడ ప్లేయర్లు అంత తేలిగ్గా లొంగవు. కొనేముందు అట్ట వెనక గుర్తు చూడండి. మూడూ రాసి ఉంటే దిగుల్లేదు.

బ్రిటన్ డీవీడీల్లో ఇంకో తమాషా ఉంది. సెకనుకి 24 ఫ్రేముల సినిమా రీలుని అక్కడి పద్ధతికి 25 చేసి ఆడిస్తే బొమ్మ నాలుగు శాతం వేగంగా పోతుంది, గొంతులు కొంచెం సన్నబడతాయి. హీరో గొంతు జలుబు తగ్గినట్టు ఉంటే కారణం అదే.

## క్యాసెట్లు చేతికొచ్చాక

అమెరికా క్యాసెట్ మా పాత వీసీఆర్‌లో వేస్తే బొమ్మ దొర్లిపోతోంది, రంగు లేదు. క్యాసెట్ పాడైందా?

క్యాసెట్ బాగానే ఉండొచ్చు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 525 గీతలు. మన దగ్గర పాల్ పద్ధతి, 625 గీతలు. పైకి ఒకేలా కనిపించే క్యాసెట్టే గానీ లోపలి భాష వేరు. రెండూ తెలిసిన మల్టీసిస్టమ్ వీసీఆర్ కావాలి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్నవాటిలో అలాంటివి ఉండేవి, చుట్టాల ఇళ్లలో అటకల మీద ఒకసారి అడిగి చూడండి. కొత్తది కొందామంటే లేదు. జపాన్‌లో చివరిదాకా వీసీఆర్లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది.

కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి ఉంది. తుడిచి వేసుకోవచ్చా?

వెయ్యకండి. అది బూజు. మన కోస్తా ఉక్కకి, ముంబై, చెన్నై గాలికి క్యాసెట్లకి త్వరగా పడుతుంది. ఒక్కసారి ఆడిస్తే బూజు వీసీఆర్ హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత వేసిన ప్రతి మంచి క్యాసెట్‌కీ ఎక్కుతుంది. ముందు దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టె డబ్బాలో ఉంచండి. శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్ల పని. పోతే పోయిందనుకునే వీసీఆర్ ఒకటి అందుకోసమే విడిగా పెట్టుకుంటారు.

మంచి క్యాసెట్లని పుస్తకాల్లా నిలబెట్టి, పూర్తిగా రివైండ్ చేసి ఉంచాలి. వెన్నువైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచెయ్యండి. అది లేకపోతే పొరపాటున రికార్డు మీట నొక్కినా ఏమీ చెరగదు.

అంత పెద్ద క్యాసెట్‌లో ఒకటో రెండో ఎపిసోడ్లే ఉన్నాయి. మోసం కాదూ?

అప్పట్లో వ్యాపారమే అది. 1985లో వార్నర్ తెచ్చిన ‘సూపర్ పవర్స్’ క్యాసెట్లు కూడా 60ల నాటి పొట్టి కథలు కొన్ని ఏరి కూర్చినవే. మొత్తం సీజన్ ఒకచోట అనే ఆలోచన డీవీడీతో వచ్చింది. 1993లో అమెరికాలో పిజ్జా హట్ వాళ్లు ఎక్స్-మెన్ క్యాసెట్లు పిజ్జాతో పాటు ఇచ్చారు. అవి ఇప్పటికీ సంతల్లో కుప్పలుగా ఉంటాయి, అరుదైనవని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి పక్కకి వెళ్లండి.

ఇంట్లోనే కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చా? షాపుకిస్తే నయమా?

ఇంట్లోనే చేసుకోండి. వీసీఆర్, దాని బొమ్మని కంప్యూటర్లోకి పంపే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, ఓపిక కావాలి. పసుపు వైరు కన్నా ఎస్-వీడియో వైరు బొమ్మ బాగుంటుంది, వీసీఆర్‌కి ఆ రంధ్రం ఉంటే అదే వాడండి. డీవీ అనే రికార్డింగు పద్ధతిలో గంటకి దాదాపు 13 జీబీ అవుతుంది. జాగా ఉందని చూసుకుని మొదలుపెట్టండి. మొదటి కాపీని కుదించకుండా అలాగే దాచాలి, చూసుకోవడానికి చిన్నది వేరే చేసుకోవచ్చు.

షాపు సంగతి నా అనుభవం చెబుతా. 1980ల చివర్లో న్యూజెర్సీలో ఎవరో శనివారం పొద్దున నాలుగు గంటలు వరసగా రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి నాకు దొరికింది. బద్ధకించి ఒక షాపులో ఇచ్చాను. వారం తర్వాత పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, ‘సార్, మధ్యలో యాడ్స్ అన్నీ మీకోసం కట్ చేసేశాం, డబ్బులు ఎక్స్‌ట్రా వద్దులెండి’ అన్నాడు కుర్రాడు, ఎంతో ప్రేమగా. ఏమనగలను? ఇంటికొచ్చి చూస్తే బొమ్మ కూడా అడ్డంగా సాగదీసి ఉంది. క్యాసెట్ వెనక్కి తెచ్చుకున్నాను కాబట్టి బతికిపోయాను, మళ్లీ నేనే చేసుకున్నాను. షాపుకి ఇస్తే కాగితం మీద రాసివ్వండి: ఏదీ కత్తిరించొద్దు, బొమ్మ సాగదియ్యొద్దు, అసలు క్యాసెట్ తిరిగివ్వాలి.

యాడ్స్‌తో ఉన్న పాత రికార్డింగులకి అంత మోజెందుకు?

కార్టూన్ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, కంపెనీ దగ్గర రీలు ఉంటుంది. కార్టూన్‌కీ కార్టూన్‌కీ మధ్య వచ్చినవి ఎవరూ దాచలేదు. ‘కాసేపట్లో మళ్లీ వస్తాం’ అనే చిన్న పాట, సీరియల్ డబ్బాలో బొమ్మ ఉందని అరిచే ప్రకటన, ఏబీసీలో 1973 నుంచి వచ్చిన స్కూల్‌హౌస్ రాక్ పాటలు, వచ్చే సీజన్ కార్టూన్ల పరిచయం. స్కూల్‌హౌస్ రాక్ తర్వాత డీవీడీగా వచ్చింది కానీ మిగతావి ఏదో ఇంట్లో ఎవరో రికార్డు మీట నొక్కి నిద్రపోవడం వల్లే మిగిలాయి. కంపెనీ క్యాసెట్ మీద నేను రెండు డాలర్లు పెట్టను. ‘టీవీ, శని’ అని చేత్తో రాసిన క్యాసెట్ కనిపిస్తే మాత్రం బేరం కూడా ఆడను.

## కూర్చుని చూసేటప్పుడు

బ్యాట్‌మ్యాన్ లావైపోయాడు, తలకాయ వెడల్పుగా ఉంది!

టీవీ సెట్టింగు. ఈ కార్టూన్లన్నీ పాత టీవీ ఆకారానికి, అంటే నాలుగుకి మూడు కొలతకి తీసినవి. మీ టీవీ దాన్ని తెరనిండా సాగదీస్తోంది. రిమోట్‌లో కొలత మార్చే మీట నొక్కి 4:3 పెట్టండి. రెండుపక్కలా నల్ల పట్టీలు వస్తాయి, అవి ఉండాల్సిందే. ‘జూమ్’ పెడితే పట్టీలు పోతాయి, దాంతోపాటు హీరో జుట్టూ బూట్లూ పోతాయి.

బ్లూరే అన్నారు, మరి దుమ్ము చుక్కలు కనిపిస్తున్నాయేంటి?

అప్పట్లో పారదర్శకమైన పలకల మీద చేత్తో రంగులు వేసి, ఒక్కొక్కటీ కెమెరా కింద పెట్టి ఫొటో తీసేవాళ్లు. ఆ పలక మీద వాలిన దుమ్ము కూడా ఫొటోలో పడింది. పాత టీవీలో కనిపించేది కాదు, ఇప్పుడు కనిపిస్తోంది. నాకు అది ఇష్టం. మొత్తం తుడిచేస్తే బొమ్మ ప్లాస్టిక్‌లా అవుతుంది. ఇంకో విషయం, ఫిల్మ్ మీద ఉన్నవాటికే బ్లూరేలో లాభం. ఎడిటింగ్ అంతా వీడియో టేపు మీద జరిగిన సిరీస్‌ని ఎంత పెంచినా మసక మసకగానే ఉంటుంది.

ఎక్స్-మెన్ చిన్నప్పుడు చూసినదానికి, ఇప్పుడు చూసేదానికి తేడా ఉంది. నా భ్రమా?

పూర్తిగా భ్రమ కాకపోవచ్చు. 1992లో మొదటి రెండు భాగాలు గడువు తరుముతుంటే తప్పులతోనే ప్రసారమయ్యాయి. సరిదిద్దినవి తర్వాత 1993 జనవరిలో వేశారు, మనకి దొరికేవి అవే. ఆ తర్వాత కూడా బొమ్మలు తిరగగియ్యాల్సి వచ్చి కొన్ని ఎపిసోడ్లు చాలా ఆలస్యంగా, కథ వరస తప్పి ప్రసారమయ్యాయి. మీ జ్ఞాపకంలో కథ ముందు వెనకలుగా ఉంటే అది ప్రసారపు వరస, డిస్క్ తప్పు కాదు.

మా పిల్లలు ఐదు నిమిషాలకే లేచిపోతున్నారు. ఏం చూపించాలి?

1973 సూపర్ ఫ్రెండ్స్‌తో మొదలుపెట్టి ఉంటారు. అది గంట కార్యక్రమం, మనకే ఆవలింతలొస్తాయి. స్పేస్ గోస్ట్ పెట్టండి: ఏడు నిమిషాల్లో గొడవ మొదలై ముగిసిపోతుంది, అలెక్స్ టోత్ గీసిన ఆకారాలు ఈనాటికీ పాతబడలేదు. పదేళ్లు దాటినవాళ్లకి బ్యాట్‌మ్యాన్‌లో ‘హార్ట్ ఆఫ్ ఐస్’. మిస్టర్ ఫ్రీజ్ కథ. రాసిన పాల్ డీనీకి ఎమ్మీ అవార్డు వచ్చింది. మా మేనకోడలు అది చూసి విలన్ వైపు మాట్లాడుతూ రెండు రోజులు మా అందర్నీ వాయించింది.

ఇప్పటి పిల్లలకి చూపించకూడనివి ఉన్నాయా?

చూపించకూడనివి కాదు, చెప్పి చూపించాల్సినవి. సూపర్ ఫ్రెండ్స్‌లోకి 1977 నుంచి వేరే జాతులవాళ్లని తెచ్చారు: అపాచీ చీఫ్, బ్లాక్ వల్కన్, సమురాయ్. ఉద్దేశం మంచిదే. ఒకడికి పేరు కూడా లేదు, జాతే పేరు. ఇంకొకడు నల్లవాడని పేరులోనే రాసేశారు. మా ఇంట్లో పదకొండేళ్ల పిల్లాడు దీన్ని నాకన్నా ముందే పట్టుకున్నాడు.

కష్టపడి కొన్నాను, చూశాను. చిన్నప్పటి మజా రాలేదు. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతు కొంచెం తగ్గుతుంది, గమనించాను. మీరు బహుశా రాత్రి పదింటికి, పనంతా అయ్యాక, ఆరు ఎపిసోడ్లు వరసగా చూసి ఉంటారు. ఆ కార్టూన్ని అలా తినడానికి వండలేదు. వారానికి ఒకటే. తప్పిపోతే తప్పిపోయినట్టే, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. పక్కన అన్నో చెల్లెలో ఉంటారు, ఛానెల్ మార్చే హక్కు మీది కాదు.

నేను చేసేది ఇది. సెలవు రోజు పొద్దున, స్నానాలు కాకముందు. ఒక స్పేస్ గోస్ట్, తర్వాత న్యూజెర్సీ క్యాసెట్‌లోని యాడ్స్ మూడు నిమిషాలు, ఆ తర్వాత ఒక స్పైడర్‌మ్యాన్, మళ్లీ యాడ్స్, చివరికి ఒక బ్యాట్‌మ్యాన్. ఆపడం, ముందుకి జరపడం లేదు. రిమోట్ పైన ఫ్రిజ్ మీద పెట్టేస్తాను. మధ్యలో ఎవరైనా కాఫీ కలుపుకోవాలంటే యాడ్స్‌లోనే వెళ్లాలి. పోయిన ఆదివారం మా ఆవిడ సీరియల్ డబ్బా యాడ్ వస్తుంటే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, అది ఆవిడకి నచ్చిన యాడ్ అట.